పలికే పెట్టె

మావయ్య పోయారని కబురు వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. అన్నం వండి, వార్చి, అప్పుడు మా పేట దయాల్‌బంద్‌లో రిక్షా ఎక్కాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. చదివేవాళ్లు నన్ను బండరాయి అనుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మావయ్య మా అమ్మ తమ్ముడు. బిలాస్‌పూర్ రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటు. ఆదివారాలు మాత్రం ఊరి బయట ఎయిర్‌స్ట్రిప్‌లో గ్లైడర్ నడపడం నేర్పేవారు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. నేల మీద యంత్రం తాడుతో లాగి పైకి వదిలేస్తుంది, ఆ తర్వాత గాలి దయ. కాలేజీ రోజుల్లో నన్నూ ఎక్కించారు. "ఆడపిల్లకి గాల్లో పనేటండీ?" అని అత్త మొత్తుకుంటే, "గాలికి ఆడా మగా తెలీదులే" అన్నారు.

ఇంజను లేదు గనక గ్లైడర్‌కి చప్పుడుండదు. ఓసారి ఎవరో పెద్దమనుషుల్ని దింపడానికి వచ్చిన చిన్న విమానం మా రెక్క పక్కనుంచి దూసుకుపోయింది. పైలట్ మమ్మల్ని చూడనేలేదు. ఆ రోజునుంచి మావయ్యది ఒకటే పట్టు, గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ పెట్టాలని. రాడార్ "ఎవరక్కడ?" అని అడిగితే, "నేనిక్కడ, ఇంత ఎత్తులో" అని దానంతటది పలికే పెట్టె అది. అది బిగిస్తే తప్ప నన్ను ఒంటరిగా పంపనన్నారు. నాకేమో ఒంటరిగా ఎగరాలని ప్రాణం కొట్టుకునేది.

ఆయనతో పనిచేసే ఫిట్టర్ బాబాయి నవ్వేవాడు. "ఏటి గురూ, బిలాస్‌పూర్‌లో రాడారే నేదు. అడిగీవోడు నేకుండా జవాబెవుడికి?"

"అచ్ఛా, ఇయాల నేకపోతే ఏటి? పెద్ద ఇమానాలు ఆటికవే అడిగీ మిషన్లు వచ్చేస్తన్నాయట. అడిగిన రోజున మనం పలకాల గదా!"

పాత విమానంలోంచి తీసిన పెట్టె ఒకటి ఎలాగో సంపాదించారు. అనుమతుల కోసం చెప్పులరిగేలా తిరిగారు. సీటు వెనక బిగించి, బరువు సరిపోవడానికి ముక్కులో సీసం పెట్టారు. ఇంజను లేదు కదా, కరెంటంతా బ్యాటరీదే. క్వార్టర్ వసారాలో ఆ బ్యాటరీని ముందేసుకుని కూర్చుంటే, అత్త పెట్టిన టీ చల్లారిపోయేది.

నేను ఒంటరిగా ఎగిరి దిగిన రోజు ఆయన నవ్వుతూ ఎదురొచ్చారు. సీటు వెనక్కి వంగి చూశారు. నవ్వు ఆగిపోయింది. పెట్టె మీద దీపం ఆరిపోయి ఉంది. బ్యాటరీ గాల్లో ఉండగానే ఎప్పుడో అయిపోయింది. నా వెనక ఉన్న దీపం నాకు కనపడదు. ఆయన గడ్డిలో కూలబడ్డారు.

"మన సిగ్నల్‌కి కరెంటు పోతే ఏటవుద్ది? డేంజర్‌కి పడిపోద్ది, బళ్లన్నీ ఆగిపోతాయి. ఆ బుర్రతోనే దీన్ని బిగించేశానే గుంటా. ఇది చచ్చిపోతే ఎవుడూ ఆగడు. నువ్వు నేవనుకోని వచ్చేస్తాడు."

మరుసటి వారానికల్లా దీపం నా కళ్లెదుటికి వచ్చింది, రెండో బ్యాటరీ చేరింది. అయినా ఆయనకు ధీమా కుదరలేదు. "పెట్టెని నమ్ము, కళ్లని ఇంకా నమ్ము. నాలుగు పక్కలా సూడు. ఎవుడూ నేకపోతే హాయి" అనేవారు. దిగగానే "ఎవుడైనా కనిపించాడేటే?" అని అడిగేవారు. లేదంటే ముఖం విచ్చుకునేది. చివరికి బజారులో రోడ్డు దాటేటప్పుడు కూడా అటూ ఇటూ చూసి, ఓసారి పైకీ చూసేవారు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కర్మ అయిన తర్వాతి ఆదివారం ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్లాను. ఫిట్టర్ బాబాయి రెక్క పట్టుకుని నిలబడ్డాడు. పైకి వెళ్లాక తాడు వదిలాను. దీపం వెలుగుతోంది. దూరంగా అర్పా నది ఇసుక తెల్లగా ఉంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. తల తిప్పి మళ్లీ చూశాను. అంత ఖాళీ ఆకాశాన్ని చూసి మొదటిసారి భయమేసింది. ఎత్తు తగ్గిపోతోంది, దిగాల్సిన వేళయింది, కింద అడిగేవారు లేరు. నేనింకా చూస్తూనే ఉన్నాను.