డప్పు కాచిన శుక్రవారం

మొన్న మా అమ్మాయి నా ఫోన్‌కి ఒక వీడియో పంపింది. మెక్సికో దేశంలో మరియాచి అని పెద్దలనాటి మేళం ఒకటుందట, తరతరాలుగా మగవాళ్లే వాయించే ఆ మేళంలోకి ఇప్పుడు ఆడవాళ్లూ వచ్చారట. వెడల్పాటి టోపీలు, వెండి గుండీల కోట్లు, వయొలిన్లు, బూరలు చూసి ఎవరైనా మురిసిపోతారు. నా కళ్లు మాత్రం చివర నిలబడ్డ ఒక పిల్ల వేళ్ల మీదే ఆగిపోయాయి. పాట మొదలయ్యే ముందు అవి వణుకుతున్నాయి. అంత ఉక్కపోత వంటగదిలోనూ నా అరచేతులు చల్లబడ్డాయి. ఆడవాళ్లు ముట్టకూడదన్నదాన్ని మీరెవరైనా నలుగురి ముందూ ముట్టి ఉంటే, ఆ చలి గురించి మీకు చెప్పనక్కర్లేదు.

మాది గోదావరి పక్క ఊరు. మా నాన్న డప్పు వాయించేవాడు, క్రిస్మస్ ఊరేగింపులో కూడా ఆయనే ముందు. తేమకి తోలు మెత్తబడితే డప్పు పలకదు కనుక వాయించే ముందు మంట దగ్గర కాచాలి, ఆ పని నాది. వరిగడ్డి రాజేసి, తోలు బిగిసేదాకా తిప్పి తిప్పి సెగ చూపించి ఆయన చేతికిచ్చేదాన్ని. కాచడం వరకే ఆడపిల్ల పని, భుజానికి తగిలించుకోవడం మగవాళ్ల పని. ఎవరూ లేనప్పుడు నేను తగిలించుకుని నేర్చుకున్న సంగతి మా అమ్మకొక్కదానికే తెలుసు, తెలిసి నాకంటే ఎక్కువగా ఆవిడే హడలిపోయేది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒమాన్ దేశంలో, సమాయిల్ అనే కొండల నడిమి ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సైట్లలో పనిచేసే మనవాళ్లు శుక్రవారం సాయంత్రాలు ఒక ఒమానీ ఆసామి ఖర్జూరం తోటలో డప్పులు వాయించేవాళ్లు, ఆయనకు ఆ మోత అంటే సరదా. వాళ్లలో ఒకతను సైట్‌లో చెయ్యి నలిగి మా దగ్గరికొచ్చాడు. కట్టు కడుతుంటే నొప్పికి కాదు, వచ్చే శుక్రవారం పండక్కి వాయించేటప్పుడు తన చోటు ఖాళీగా ఉంటుందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను వాయిస్తానని నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఇక అన్నం సయిస్తే ఒట్టు. డప్పు పట్టానంటే మాది ఏ పేటో హాస్టల్లో తోటి నర్సులందరికీ తెలిసిపోతుందని భయం, మస్కట్‌లో ఉద్యోగం చేసే మా ఆయన ఏమంటాడోనని భయం, చర్చి పెద్దల చెవిన పడుతుందని భయం. వీటన్నిటినీ మించి, ఇంత చేసి వాళ్లు వద్దంటే మళ్లీ జన్మలో డప్పు ముట్టలేనేమోనని భయం. అయినా వెళ్లాను, చున్నీ తలమీదికి లాక్కుని, సగం దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి.

వాళ్లలో పెద్దాయన ఒక మేస్త్రీ, అందరూ అన్నా అనేవాళ్లు. నన్ను చూసి కోప్పడలేదు, అదే నాకు మరీ బెదురు పుట్టించింది. "సిస్టరమ్మా, ఆడోళ్లు కాచియ్యాలె గని భుజానికేసుకోరు. కాచి ఇయ్యి, మావోడు ఇంకోడు కొడ్తడు" అన్నాడు. ఆ చెయ్యి దెబ్బతిన్నతను తన ఊరినుంచి తెచ్చుకున్న డప్పు తీసుకుని, ఎండు ఖర్జూరం మట్టల మంట ముందు కూర్చున్నాను. కనీసం ఇదైనా నాన్న మెచ్చేలా చేద్దామని గోదావరి తేమలో కాచినంతసేపూ కాచాను. ఇక్కడ కొండల మీదినుంచి వచ్చే పొడిగాలికి ఆ తోలు అప్పటికే సగం బిగిసి ఉందని నా బుర్రకు తట్టలేదు. టప్పుమని ఒక్క చప్పుడు. తోలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చీలిపోయింది.

అందరూ చుట్టూ చేరారు. చేతికి కట్టు కట్టుకున్నతను నావైపు చూడను కూడా లేదు, డప్పువైపే చూస్తున్నాడు. ఆడది ముట్టుకుంది కాబట్టే అని ఎవరో ఒకరు అంటారు, ఇక నాకే కాదు, నా తర్వాత వచ్చే ఏ ఆడపిల్లకీ ఇక్కడ చోటుండదు అనుకుంటూ, చీలిన డప్పు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మేస్త్రీ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చీలిన తోలు మీద వేలు పెట్టి చూశాడు. "నేనచ్చిన ఏడు గిట్లనే పలగ్గొట్టిన. ఈడ గాలే పెద్ద మంట, చెల్లె" అన్నాడు. తర్వాత లేచి, తన భుజంమీది డప్పు తీసి నా భుజానికి తగిలించాడు. "కొట్టు" అన్నాడు, అంతే. మొదటి దెబ్బ తడబడింది, రెండోదీ తడబడింది, మూడోది పడ్డాక వెనకాల మిగతా డప్పులన్నీ లేచాయి. భయం పోయిందని అనుకునేరు, ఎక్కడికీ పోలేదు, ఆ దరువు అయ్యేదాకా నా పళ్లు కరుచుకునే ఉన్నాయి.

ఇప్పుడు సమాయిల్‌లో శుక్రవారం వస్తే మన నర్సమ్మలు, సైట్లలో చేసేవాళ్ల భార్యలు ఏసీ హాల్లో వరసగా నిలబడి వాయిస్తారు. ప్లాస్టిక్ డప్పులు, కాచే పనే లేదు. డప్పుకు మంట ఎందుకని ఒకమ్మాయి నన్ను నిజంగానే అడిగింది. మేస్త్రీ అన్న ఊరెళ్లిపోయి చాలా కాలమైంది, ఈ పిల్లలు వాయిస్తుంటే ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదని ప్రతి శుక్రవారం అనుకుంటాను. నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. వాళ్లు నవ్వుకుంటూ డప్పులు భుజాలకు తగిలించుకుంటుంటే నేను మాత్రం గుండె చిక్కబట్టుకుని తలుపువైపు చూస్తాను, ఎవరో వచ్చి దించెయ్యమంటారేమోనని. ఎవరూ రారు. నా చేతులు వణకడం చూసి పాపం చలేస్తోందనుకుని, ఒక పిల్ల పరుగున వెళ్లి ఏసీ తగ్గిస్తుంది.