తవిటమ్మ నింపిన డబ్బా

తవిటమ్మ నోటికి జడవని మనిషి ఆ పేటలో లేడు. పాతపట్నం సంతలో ఎండు నెత్తళ్ళ తట్ట దించిందంటే, పక్కవాళ్ళ బేరాలు కూడా ఆవిడే తేల్చి పారేసేది. బస్సులో కండక్టరు తట్టకి వేరే టిక్కెట్టు తీయమంటే, "తట్ట కూకున్నాదేటి నీ సీట్లో? నాను కూకున్నాను, నాకు కొట్టు" అని బస్సంతా నవ్వేదాకా వదిలేది కాదు. అలాంటి మనిషి ఒకే ఒక్క సంగతి పైకి చెప్పలేక, నెల పైచిలుకు కాలం నిప్పుల మీద కూర్చున్నట్టు గడిపింది. తితిలీ తుఫాను రావడానికి ముందటి ఏడాది మాట ఇది.

వాళ్ళది ఉద్దానంలో సముద్రం ఒడ్డు పేట. మొగుడు లక్ష్ముడు బోటు మీద వేటకు పోయేవాడు. ఆ బోటు తవిటమ్మ అన్న గంగులుది. బావా బావమరుదులు చీకటుండగానే సముద్రంలోకి పోతే, ఎండ నెత్తికెక్కే వేళకి ఒడ్డుకు తిరిగొచ్చేవారు. వచ్చిన చేపల్లో పచ్చివి అక్కడికక్కడే అమ్ముడయ్యేవి. మిగిలినవాటిని తవిటమ్మ ఉప్పేసి ఎండబెట్టి సంతలకు మోసేది. లక్ష్ముడు మాట తక్కువ మనిషి. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేస్తుందని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. అది నిజమే, ఆవిడకీ తెలుసు.

ఆ పేటలో కిడ్నీ అన్న మాట చంటిపిల్లలకు కూడా తెలుసు. లక్ష్ముడి అన్న గోవింద్ దానితోనే పోయాడు. చివరి రోజుల్లో అతనికి ఒంట్లోంచి నీరు రావడం ఆగిపోయింది. ముఖం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి, చెంబెడు నీళ్ళు తాగితే అవి ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. తమ్ముడి భార్యే అయినా, సొంత తోబుట్టువులా దగ్గరుండి చేసింది తవిటమ్మే. ఒంటికి రాకపోవడమంటే చావు గుమ్మంలోకి వచ్చినట్టేనని అప్పుడే ఆవిడ బుర్రలో నాటుకుపోయింది. తర్వాత జరిగిందంతా ఆ నమ్మకం వల్లనే జరిగింది.

ఆ ఏడు విశాఖపట్నం నుంచి డాక్టర్లు వచ్చి పరిశోధన మొదలెట్టారు. ఈ జబ్బు ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది, తాగే నీళ్ళ వల్లా, ఎండలో చాకిరీ వల్లా, ఉప్పు వల్లా, మింగే మాత్రల వల్లా అన్నది ఆరా తీస్తామన్నారు. జబ్బు తొలిరోజుల్లోనే దొరికితే మందులిచ్చి, ఏ మందుకి ఎంతకాలం అదుపులో ఉంటుందో కూడా చూస్తామన్నారు. ఇంటికొక మనిషిని చీటీ తీసి ఎంచుకున్నారు. తవిటమ్మ ఇంట్లో లక్ష్ముడి పేరు వచ్చింది.

రక్తం తీయడం చిటికెలో అయిపోయింది. చిక్కంతా రెండో పరీక్షతోనే వచ్చింది. చీపురుపల్లి నుంచి వచ్చి ఆ పేటల్లో తిరిగే నర్సు ఉష, మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"అన్నా, రేపు పొద్దున్న మొదటి మూత్రం పారబొయ్యి. తర్వాత పగలంతా, రాత్రంతా, ఎల్లుండి పొద్దున్న లేచినప్పటిది కూడా దీంట్లోనే పొయ్యాలి. ఒక్కసారి కూడా బయట పోకూడదు. రేపొక్కరోజు వేట మానెయ్యి."

లక్ష్ముడు నేల చూపులు చూశాడు. "సవ్వ సేపలు పడతన్నాయమ్మా. ఇప్పుడెలా మాన్తాను?"

"అయితే డబ్బా బోటులో పట్టుకెళ్ళు."

ఆ మాటకి తవిటమ్మే ముందు లేచింది. "ఓలమ్మో! పసుపు రాసి బొట్టెట్టిన బోటమ్మా అది. మా గంగమ్మ తల్లి ఉంటాది. దాంట్లో ఉచ్చ డబ్బా ఎడతారేటి?"

సముద్రంలోకి పోస్తే తప్పులేదు గాని, బోటులో దాచి తేవడం ఆ పేటలో ఎవరూ ఊహించలేని పని. ఉష కూడా బలవంతం చేయలేదు. "ఎన్నిసార్లు తప్పిపోతే అన్నిసార్లు తప్పిందని నాతో చెప్పండి. తక్కువొచ్చినా పర్లేదు, ఇంకోరోజు మళ్ళీ చేద్దాం" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. తవిటమ్మ విన్నది. విన్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా?

మూడోనాటి ఉదయం చూస్తే డబ్బా సగం కూడా లేదు. ఉండాల్సిందంతా సముద్రంలో కలిసిపోయిందని ఆవిడకి తెలియక కాదు. కానీ ఆ సగం డబ్బా చూస్తుంటే గోవిందే కళ్ళ ముందు మెదిలాడు. నీరు దిగని మనిషని రాసేస్తారు, మొగుణ్ణి ఆసుపత్రి మంచం మీద పడేస్తారు అనుకుంది. నీళ్ళు కలిపితే పట్టేస్తారు. ఎవరిదైనా మనిషిదేగా అనుకుని, దొడ్లోకి పట్టుకుపోయి తనది కలిపింది. అప్పటికీ నిండకపోతే కాసేపాగి మరోసారి కలిపింది. ఉష వచ్చి డబ్బా ఎత్తి చూసి, "బాగానే వచ్చిందే!" అంది. తవిటమ్మ నోరు మెదపలేదు. ఆ పేటలో అదొక వింతే, కాకపోతే గమనించిన వాళ్ళు లేరు.

పదిహేను రోజులు పోయాక బడిలో పెట్టిన క్యాంపుకు రమ్మని కబురొచ్చింది. డాక్టరు పేరు కుసుమకుమారి. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"లక్ష్ముడూ, రక్తం బాగానే ఉంది. మూత్రంలో మాత్రం ప్రొటీన్ చాలా పోతోంది. కిడ్నీ జల్లెడలాంటిది. దానికి చిల్లులు పెద్దవైతే ఒంటికి కావలసింది కూడా జారిపోతుంది. జబ్బు మొదట్లో ఒక్కోసారి ఇలాగే ఉంటుంది. మాత్ర రాస్తున్నాను. వచ్చే నెల మళ్ళీ పరీక్ష చేస్తాం. నొప్పి మాత్రలు ఏమైనా వాడతావా?"

"నేదమ్మా. ఎప్పుడూ ఎయ్యలేదు."

తవిటమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆవిడ బుర్రలో ఒకటే లెక్క తిరిగింది. డబ్బాలో సగం తనది. తనది మంచిది. మంచిది కలిపితేనే ఇంత చెడ్డగా వచ్చిందంటే, మొగుడిది ఒక్కటే అయితే ఇంకెంత చెడ్డగా ఉండేది? డాక్టరమ్మకి సగం జబ్బే కనిపించింది, సగం మందే ఇచ్చింది. మిగతా సగాన్ని దాచిపెట్టింది తనే. అంటే మొగుణ్ణి తన చేతులతో తనే చంపుకుంటోంది. లెక్క ఎన్నిసార్లు వేసినా అలాగే తేలింది.

మాత్రలు మొదలెట్టిన కొద్ది రోజులకే లక్ష్ముడికి కళ్ళు తిరగడం పట్టుకుంది. కూర్చుని లేస్తే గోడ పట్టుకునేవాడు. ఒకనాడు బోటు తోస్తూ ఇసుకలో కూలబడ్డాడు. గంగులు పట్టుకుని లేపాడు. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, నివ్వు కొన్నాళ్ళు ఒడ్డునుండు. వలలు బాగుసెయ్యి. వాటా నీదే, తగ్గించను."

"నాకేటయిందిరా?"

"నడి సముద్రంలో పడిపోతే నా సెల్లికి నానేటి సెప్పాల?"

మర్నాటి నుంచి లక్ష్ముడు వేటకు పోలేదు. తెల్లారినుంచి పాకలో కూర్చుని వల కుడుతూ, బోట్లు వెళ్ళినవైపు చూస్తూ ఉండిపోయేవాడు. అన్నంలో ఉప్పు మానేశాడు. అన్నం కూడా మానేస్తున్నాడేమోనని తవిటమ్మకి బెంగ. ఒకరోజు ఉన్నట్టుండి, "తవిటీ, నాను నేకపోతే మీ అన్న కాడే ఉండు. మరెక్కడికీ పోకు" అన్నాడు. ఆవిడ "నోరుముయ్యి" అని కసిరి, దొడ్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

సంతకు పోయినా మనసు మనసులో లేదు. ఎవరేం అడిగినా ఇచ్చేసేది. మెడ పీకుతోందని ఎప్పట్లాగే మందుల షాపులో నొప్పి మాత్ర కొని వేసుకునేది, తట్ట ఎత్తుకునేది. సాయంత్రానికి పాదాలు బరువెక్కేవి. తన ఒంటి సంగతి ఆలోచించే తీరిక ఎక్కడిది? దారంతా ఉషకి ఎలా చెప్పాలన్నదే ఆలోచన. చెబితే కేసు పెడతారేమో, పరిశోధన నుంచి పేరు కొట్టేస్తారేమో, మందు ఆపేస్తారేమో. చెప్పకపోతే మొగుడు పోతాడు. ఉష రెండుసార్లు ఇంటికొచ్చింది. రెండుసార్లూ తవిటమ్మ మంచినీళ్ళిచ్చి, పిల్లల సంగతులు అడిగి పంపేసింది.

నెల తిరిగి మళ్ళీ క్యాంపు వచ్చింది. లక్ష్ముడు డాక్టరు ఎదుట కూర్చోబోతూ తూలి బల్ల పట్టుకున్నాడు. అంతే, తవిటమ్మకి ఇక ఆగలేదు.

"డాక్టరమ్మా, నన్ను జైల్లో ఎట్టినా ఎట్టు. ముందు మా మావకి మందు పెంచు. ఆ డబ్బా అంతా ఆయనది కాదు. సగం నాది. నీరు తక్కువొచ్చినాదని, గోవింద్ బావలాగ అనేస్తారని బయమేసి నానే కలిపీసినాను. నాది మంచిది కలిస్తేనే అంత ఉన్నాది. ఆయనకి దానికి రెండింతలుంటాది. బేగి మందు పెంచు తల్లీ!"

ఉష తల పట్టుకుంది. లక్ష్ముడు పెళ్ళాం వైపు నోరు తెరిచి చూశాడు. కుసుమకుమారి కేకలు వేయలేదు. చిన్న గిన్నె ఒకటి లక్ష్ముడి చేతికిచ్చి బడి వెనక్కి పంపింది. అతను తెచ్చిన మూత్రంలో ఉష, ప్రొటీన్ ఉంటే ఆకుపచ్చగా మారే పసుపు కాగితప్పుల్ల ఒకటి ముంచింది. అందరూ దానివైపే చూశారు. పసుపు రంగు పసుపు రంగుగానే ఉంది.

"ఇతనికి ఏమీ లేదు" అంది డాక్టరు. "ఈ కళ్ళు తిరగడం మా మాత్రదే. లేని జబ్బుకి వేసుకున్నాడు కదా, ఉన్న బీపీ కాస్తా పడిపోయింది. ఇవాళే ఆపేయండి. రక్తం ఇంకోసారి చూసి రూఢి చేస్తాను, భయం లేదు."

తవిటమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. డాక్టరు చేతులు పట్టేసుకుంది, ఉష బుగ్గలు పుణికింది. "ఏటీ నేదంట మావా! ఇన్నావా? ఏటీ నేదు! ముద్ద ముట్టకుండా నన్ను సంపీసినావు గదా!" అని మొగుడి వీపు మీద ఒకటి వేసింది. నెల రోజులుగా మూతపడ్డ నోరు తెరుచుకుంటే బడి బడంతా మారుమోగింది.

ఆ సందడిలో డాక్టరు నవ్వకపోవడం ఆవిడ చూడలేదు. ఉష చూసింది. ఉష ముఖంలో రంగు మారడం లక్ష్ముడు చూశాడు.

"తవిటమ్మా, ఇలా కూర్చో" అంది కుసుమకుమారి. "ఆ డబ్బాలో మీ ఇద్దరిదే కదా ఉంది? మరెవరిదీ కలపలేదు కదా?"

"మరెవులిదీ నేదమ్మా. ఒట్టు."

డాక్టరు ఇంకో చిన్న గిన్నె ఆవిడ ముందుకు జరిపింది.

ఈసారి పుల్ల చూస్తుండగానే ఆకుపచ్చగా తిరిగింది. ఉష రక్తం తీస్తుంటే తవిటమ్మ చేయి చాపి కూర్చుంది గాని, ఆ చేయి తనదైనట్టు లేదు. పాదాల మీద డాక్టరు వేలితో నొక్కి, పడ్డ సొట్ట వైపు చూసింది. నొప్పి మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నావని అడిగింది. తట్ట ఎత్తుకున్నప్పటి నుంచి, అంది తవిటమ్మ.

"వాటివల్లే అని చెప్పలేను, అదే మేమూ వెతుకుతున్నాం. కానీ ఇవాళ్టితో వాటిని మానెయ్యి. రక్తం రిపోర్టు వచ్చాక ఎంతవరకు ఉందో చెబుతాను. మందులున్నాయి, ముదరకుండా ఆపడానికి చూద్దాం. నువ్వు కలపకపోయి ఉంటే ఈ సంగతి ఇప్పట్లో మాకు తెలిసేదే కాదు" అంది డాక్టరు. ఆఖరి మాట ధైర్యానికి అన్నదో, బాధతో అన్నదో తెలియదు.

ఇద్దరూ బయటికొచ్చి బడి మెట్ల దగ్గర నిలబడ్డారు. లక్ష్ముడి జేబులో ఫోను మోగింది. గంగులు.

"ఏటన్నారు బావా?"

లక్ష్ముడు నోరు తెరిచాడు. తన చావు గురించి తొణకకుండా మాట్లాడిన మనిషి, "మీ సెల్లి..." అని ఆగిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అతను ఏడవడం అన్న చనిపోయిన నాడు కూడా ఎవరూ చూడలేదు.

తవిటమ్మ ఫోను లాక్కుంది.

"అన్నా, నానే. మీ బావకేటీ నేదంట. రాయిలాగున్నాడు. రేపొద్దున్నే బోటెక్కించు." గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. "ఏడుస్తన్నాడని నివ్వేటీ కంగారు పడకు. జబ్బు ఆయనకి కాదు, నాకు."

ఆ మాట తన గొంతులోంచే తన చెవిన పడ్డాక గాని అది ఆవిడకి అర్థం కాలేదు. అవతల గంగులు "ఏటీ? ఏటన్నావే?" అని అరుస్తూనే ఉన్నాడు. తవిటమ్మ ఫోను చేతిలో అలాగే పట్టుకుని, మెట్టు మీద కూలబడి, "మావా, నాకు బయమేస్తంది" అంది.