చకోరి కట్లెట్

అబిడ్స్‌లో చకోరి స్నాక్ బార్ తెరిచిన కొత్తలో, అక్కడ నిలబడి తినడమే జనానికి వింత. కుర్చీలుండవు. కూపన్ కొని కౌంటర్‌లో ఇస్తే ప్లేటు చేతికొస్తుంది. ఛాతీ ఎత్తు బల్ల మీద పెట్టుకుని తినేసి పోవాలి. తర్వాత నాంపల్లి స్టేషన్ ఎదుట ఒకటి, సుల్తాన్ బజార్‌లో ఒకటి పెట్టారు.

1966లో అబిడ్స్ కౌంటర్ వెనక తెల్లకోటు, టోపీ వేసుకుని ఉండేవాడు రాజమల్లు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, రెండేళ్లు గిన్నెలు కడిగి ఆ కోటు సంపాదించుకున్నాడు. "ఏం గావాలె" అనే నోటిని "ఏం కావాలండి"కి తిప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ పూలమ్మ వచ్చింది. దవాఖానలో కళ్లు చూపించుకుని, దారి అడుక్కుంటూ నడిచి వచ్చింది. రాజమల్లు సంతోషంగానే కూపన్ కొని, కట్లెట్ ప్లేటు ఆమె చేతికిచ్చి, బల్ల దగ్గర తినమన్నాడు.

ఆమె బల్లను ఎగాదిగా చూసింది. "నిలవడి తింటే ముద్ద దిగుతదా?" అని గోడ వారకు పోయి కింద చతికిలబడింది. కొంగు ముడి విప్పి సర్వపిండి తీసింది. నువ్వులు, పల్లీలు వేసి గిన్నెకు అద్ది కాల్చిన ఆ బియ్యప్పిండి రొట్టె అంటే రాజమల్లుకు ప్రాణం. పూలమ్మ కట్లెట్‌ను కూర అనుకుంది. రొట్టె తుంచి, కట్లెట్ నంజుకుని తినసాగింది.

"అరే, పంగత్ పడ్డదిరోయ్!" అన్నాడొక కాలేజీ కుర్రాడు. "విస్తర్లు తెండి!" అన్నాడు ఇంకొకడు. బల్లల చుట్టూ నవ్వులు లేచాయి.

తన గురించేనని తెలియక పూలమ్మ కూడా నవ్వింది. "రా బిడ్డా, నువ్వు గూడ ఇంత తిను. నీకోసమే తెచ్చిన" అని కౌంటర్ వైపు చెయ్యి చాపింది.

మేనేజర్ వరప్రసాద్ లేచి వచ్చాడు. "ఎవరయ్యా ఆవిడ?"

"మా ఊరామె సార్. దవాఖానకు వచ్చింది."

"బిడ్డా అంటోందే?"

"మా దిక్కు అందర్నీ గట్లనే అంటరు సార్."

అందులో అబద్ధం లేదు. వాళ్ల వైపు పెద్దవాళ్లు ఎవరినైనా బిడ్డా అనే పిలుస్తారు. అందుకే ఆ మాట తడబడకుండా వచ్చింది.

పూలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మిగిలిన రొట్టె కొంగులో కట్టుకుని లేచి, ప్లేటు తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఔ సారూ, మా ఊరి పిలగాడే. మంచోడు. జర మంచిగ సూస్కోండ్రి" అంది వరప్రసాద్‌తో.

సాయంత్రం నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కించేటప్పుడు రాజమల్లు "అమ్మా" అన్నాడు. ఆమె గబుక్కున చుట్టూ చూసింది.

"మెల్లగ, రాజమల్లూ. మీ దుకాణపోళ్లు ఎవలన్న ఉంటరేమో."

ఎత్తిపొడుపు కాదు. కొడుకు నౌకరీ గురించి నిజంగానే భయపడింది. ఎత్తిపొడిచి ఉంటే అతను ఏదో ఒక సాకు చెప్పుకునేవాడు.

ఆమె మళ్లీ పట్నం రాలేదు. చకోరి దుకాణాలు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. 1974లో అబిడ్స్‌ది కూడా పోయి, ఆ చోట చెప్పుల షాపు వచ్చింది. రాజమల్లు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో అటెండర్‌గా కుదిరాడు. అక్కడి గుమాస్తా జనార్దన్‌కు టిఫిన్ డబ్బా విప్పినప్పుడల్లా చకోరి గుర్తుకొచ్చేది.

"ఏమన్న కట్లెట్ భై అది! గసొంటిది మల్ల తినలే. నీకేంది, రోజూ తిని ఉంటవు. ఇంటోళ్లకు ఎన్నడన్న తినిపించినవా?"

"మా అమ్మకు. ఒక్కసారి."

"ఏమన్నది మరి?"

రాజమల్లు ఏటా దసరాకు ఊరికి పోతాడు. పూలమ్మ ఎదురుగా కూర్చుని, కొసరి కొసరి వడ్డిస్తుంది. కట్లెట్ ఎట్లుండె అని అడగడానికి ఎనిమిదేళ్లు దొరికాయి. ఆ ఒక్క మాట అడిగితే ఆనాటి మాటలన్నీ దాని వెంట వస్తాయి.

"అడగలే" అన్నాడు.

"గదేం తినిపిచ్చుడు భై! కన్నతల్లిని ఎట్లున్నదని గూడ అడగవా?" అని జనార్దన్ పకపకా నవ్వాడు.