పెట్టెలో ఆగిపోయిన పెండ్లికొడుకు

కర్దనూరు పెండ్లిపిల్ల జాకెట్టుకు ఒక చేతి మీద పల్లకి కుట్టేశాం. పల్లకిలో పెండ్లికూతురు, ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు బోయీలు. రెండో చేతి మీదికి గుర్రమెక్కిన పెండ్లికొడుకు రావాలి. ఆ గుర్రం ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది. ఆదివారం పెండ్లి. ఇదంతా దానికి ముందు బుధవారం నాడు మొదలైంది.

నా భర్త పోయాక పటాన్‌చెరులో దుకాణానికి చిన్న మడిగె కిరాయికి తీసుకుని మగ్గం పని పెట్టాను. బిడ్డ చదువుకుని కంప్యూటర్‌తో నడిచే కుట్టు మిషన్ తెచ్చింది. ఇప్పుడు నేను కాగితం మీద బొమ్మ గీస్తాను, బిడ్డ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది, మిషన్ కుడుతుంది. మధ్యలో ఒక ప్రోగ్రాం ఉంటుంది. అది లేకుంటే బొమ్మ తెరుచుకోదు. దానికి లైసెన్స్ ఉంటుందని, అది ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుందని బిడ్డ చెప్పినప్పుడు నాకు రేషన్ కార్డు గుర్తొచ్చింది. పాత ఊళ్లో పేరు తీసేస్తేనే కదా కొత్త ఊళ్లో ఎక్కేది.

పాతది నత్తలా నడుస్తోందని కొత్త కంప్యూటర్ తెప్పించాం. పార్సిల్ వచ్చేసరికి అట్టపెట్టె ఒక మూల లోపలికి అణిగి ఉంది.

"అమ్మా, పెట్టె సొట్టబోయింది. వాపస్ పంపుదామా?" అంది బిడ్డ.

"పన్నెండైతే రాహుకాలం వస్తది. జల్దీ తియ్యి. పెట్టెకు సొట్టబోతే లోపల సామానుకేమైతది?"

ఆ మాట అన్నది నేనే, ఎవరి మీదికీ నెట్టను. కొత్త సామానుకు పసుపు కుంకుమ పెట్టకుండా వాడడం మాకు అలవాటు లేదు. భర్త పోయినదాన్ని నేను పెట్టకూడదంటారు కొందరు. నా మడిగెలో నా సామానుకు నేనే పెడతాను. కంప్యూటర్ డబ్బా నున్నటి నల్ల రేకు మీద పసుపు నిలవలేదు, జారిపోయింది. పక్కన తెల్ల కాగితం ఒకటి అంటించి ఉంటే దాని మీద నిండుగా పూసి, నడుమ కుంకుమ పెట్టాను. చూడముచ్చటగా ఉంది.

రాహుకాలం రాకముందే బిడ్డ లైసెన్స్‌ను పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో ఎక్కించింది. మేం చాయ్ తాగుతుండగా తెర రెండుసార్లు మినుక్కుమని నల్లబడింది. కాలిన వాసన వచ్చింది. మళ్లీ లేవలేదు. పక్క వీధి రిపేరు అతను విప్పి చూసి, లోపలి బోర్డు దారిలోనే పగిలిందన్నాడు. లైసెన్స్ మాత్రం చచ్చిన డబ్బాలోనే ఉండిపోయింది. పాత కంప్యూటర్ బల్ల కింద బాగానే ఉంది గానీ, గుర్రాన్ని తెరవమంటే నీకు హక్కు లేదంటోంది.

మర్నాడు పెండ్లిపిల్ల తల్లి వచ్చింది. జాకెట్టు రెండు చేతులూ పట్టి చూసింది.

"పెండ్లిపిల్ల పల్లకిల కూసుంది, మంచిగుంది. పిలగాడేడక్కా?"

"వస్తున్నడు చెల్లే, తొవ్వల ఉన్నడు."

"గుర్రం మీద వస్తున్నడా, కాలినడకనా? నా బిడ్డ ఒక్కతే ఊరేగితే నలుగురు నవ్వరా?"

ఆమె నవ్వుతూనే అంది గానీ కళ్లు నవ్వలేదు. ఆమె వెళ్లగానే బిడ్డ ప్రోగ్రాం కంపెనీకి ఫోన్ చేసి, నాకూ వినబడేలా పెట్టింది. అవతల ఒక ఆడపిల్ల మాట్లాడింది.

"పాతదాంట్లోకి ఇవ్వాలంటే ముందు కొత్తదాంట్లోంచి తీసేయాలండి."

"అది సచ్చిపోయినంక ఎట్ల దియ్యాలె తల్లీ?" అన్నాను నేను.

"అయితే దాని మీద తెల్ల స్టిక్కర్ ఉంటుందండి. ఆ నంబర్ కనిపించేలా ఫొటో పంపండి. పాడైనట్టు రాసుకుని మేమే విడిపిస్తాం. అట్టపెట్టె మీది నంబర్ పనికిరాదు, డబ్బా మీదిదే కావాలి."

బిడ్డ నా వైపు చూసింది. నేను బొట్టు వైపు చూశాను.

తడిగుడ్డతో తుడిస్తే ఎరుపూ పసుపూ కలిసి ఇంకా పరుచుకుంది, కాగితం అంచు లేచింది. బిడ్డకు ఏడుపొచ్చింది. "ఇటియ్యి" అని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపు ఫ్యాను గాలికి ఆరనిచ్చి సూది తీసుకున్నాను. తప్పు కుట్టు విప్పేటప్పుడు బట్ట చిరగకుండా ఒక్కొక్క పోగే లేపుతాం, అలాగే ఒక్కొక్క పొడి రేణువునూ లేపాను. నాకు ఇంగ్లీషు రాదు. ఏ ఆకారం బయటపడితే అది చెప్పాను.

"తలకిందులు చేసిన కుర్చీ లెక్కుంది."

"గది నాలుగమ్మా!"

"గిది పాము."

"ఎస్!"

"గిది కొక్కెం."

"జే! అమ్మా, నువ్వు సదువుతున్నవ్!"

ఫోన్ ఇంకా పెట్టలేదు, అవతల ఆ పిల్ల కూడా నవ్వింది. అన్నీ బయటపడ్డాక ఫొటో పంపాం. కాసేపటికి, "మీ పాత కంప్యూటర్ మీద చేతులు తీసేయండి, ఇక్కడి నుంచే నేను నడుపుతాను" అంది.

చేతులు తీసేశాం. తెర మీద బాణం దానంతటదే కదిలింది. మౌసు కదలకుండా పడి ఉంది. ఎక్కడో కూర్చున్న పిల్ల నా మడిగెలోకి వచ్చి, ఒక గది తెరిచి, ఒకటి మూసి, ఏదో రాసి, మరొకటి తెరిచింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. చేతికి అందనిది, తూకానికి రానిది, చచ్చిన డబ్బాలోంచి లేచి బతికున్న డబ్బాలోకి రావడం కళ్లారా చూశాను.

గుర్రం తెరుచుకుంది. నేను గీసిన గుర్రమే, వంకర తోకతో సహా.

శుక్రవారం పొద్దున మిషన్ మొదలుపెట్టాం. ముందు డెక్కలు వచ్చాయి, తర్వాత కడుపు, జీను, తలపాగా. చివరి కుట్టు పడ్డాక బట్ట తీసి చేత్తో తడిమాను. సూది నడిచిన వేడికి గుర్రం ఇంకా వెచ్చగా ఉంది. జాకెట్టు పల్లకి చేతిని దాని పక్కన పరిచి, పెండ్లిపిల్ల తల్లికి ఫోన్ కలపమన్నాను.

"పిలగాడు వచ్చిండు చెల్లే" అన్నాను. "గుర్రం మీదనే."