గోడతో కాపురం

కంఠేశ్వర్‌లో గోదావరవ్వ నోటికి జడిసి కూరగాయల బండివాడు అడగకుండానే కొసరు వేసిపోతాడు. అంత నోరున్న మనిషి మొగుడితో మాట్లాడక ఇరవై ఏళ్లు దాటింది. ఎందుకని అడిగిన మనవలకు వీపు మోగింది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, "చాయ్ సల్లగైతున్నది" అని గోడకు చెబుతుంది. రాజలింగు తాత వచ్చి తాగి, "శక్కెర తక్కువున్నది" అని అదే గోడకు చెప్పి పోతాడు. ఇద్దరు బతికున్న ఇల్లు పాడుబడ్డ దొరల గడిలా ఉంటుంది. ఒకరు దగ్గితే ఇంకొకరు ఉలిక్కిపడతారు.

ఒకే ఇంట్లో ఉండి మొగుడు పలకరించడం లేదని, విడాకులు తీసుకుంటానని మొన్న మనవరాలు సుకన్య వచ్చి కూర్చుంది. అప్పుడే టీవీలో, విడాకులు పెరిగిపోతున్నాయని లెక్కలు చెబుతున్నారు. తాత మీసం దువ్వి గోడవైపు తిరిగాడు. "మా కాలంల గిట్లుండెనా? మా ఖాందాన్ల ఒక్కలన్న విడాకులు తీసుకున్నరా?"

అవ్వ చేతిలో బీడీ ఆగింది. ఇన్నేళ్లకు ఆయన ముఖంలోకి నేరుగా చూసింది.

"తీసుకోలే. గా లెక్కల నువ్వు, నేను గూడ మంచిగ కాపురం జేస్తున్నోళ్లమే."

అవ్వ సుకన్య తల నిమిరింది.

"తీసుకో బిడ్డా. టీవీవోళ్ల లెక్క ఒకటి పెరిగితే పెరగనీ. గిసొంటి దయ్యాల కొంప ఇంకోటి వద్దు."