కోటేష్ బీరువాలో హంగరీ

పెదకాకానిలో కోటేష్‌ని ఏమడిగినా జవాబు హంగరీ మీదుగా వచ్చేది. టైమెంతయిందని అడిగితే "హంగరీలో ఇప్పుడు పొద్దున్న ఏడున్నర" అనేవాడు. మనకెంతో మనమే లెక్కేసుకోవాలి. వాన పడేట్టుందా అంటే అక్కడి వాన గురించి, పెళ్ళికి వస్తున్నావా అంటే అక్కడి పెళ్ళి గురించి చెప్పేవాడు. పోనీ అక్కడేమైనా పాతికేళ్ళు కాపురం చేసి వచ్చాడా అంటే అదీ లేదు. వ్యవసాయ కాలేజీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, 1999లో, నేలల గురించి చదువుకు రమ్మని ఒక్క సెమిస్టర్ అక్కడికి పంపారు. నాలుగు నెలల పదకొండు రోజులు. పద్నాలుగేళ్ళు వనవాసం చేసినవాళ్ళు కూడా తిరిగొచ్చాక అడవి గురించి అన్ని కబుర్లు చెప్పి ఉండరు.

వట్టి కబుర్లయితే చెవులు మూసుకుంటే సరిపోయేది. కోటేష్ సాక్ష్యాలు కూడా తెచ్చాడు. 2001 మే మొదట్లో జ్యోతిర్మయి కాపురానికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఇనప బీరువా నిండా హంగరీ ఉంది. కొత్తపెళ్ళికూతురి పట్టుచీరలు మంచం కింద ట్రంకుపెట్టెలోకి పోయాయి. బీరువాలో మాత్రం ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాలు, పంచదార పొట్లాలు, అరిగిపోయిన సబ్బు, ఎవరో రోడ్డు మీద పారేసుకున్న ఒక ఎర్ర చేతితొడుగు, మొత్తం నూట పద్నాలుగు వస్తువులు వరసగా కొలువు తీరాయి.

కోటేష్ ఉద్యోగం గుంటూరులో, మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే ప్రభుత్వ ల్యాబ్‌లో. రైతులు సంచుల్లో పొలం మట్టి, సీసాల్లో బోరు నీళ్ళు తెస్తారు. సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే చాలు, ఉప్పెంతో సున్నమెంతో చెప్పేయగలడని పేరు. ఆ మట్టి సంచులకు కట్టే చీటీలే బీరువాలో ప్రతి వస్తువుకీ కట్టాడు. నమూనా నంబరు, తేదీ, స్థలం, లోతు అన్నీ నింపి మరీ కట్టాడు.

"ఇదేంటండీ, ట్రామ్ టికెట్‌కి లోతు నాలుగంగుళాలని రాశారు?" అని అడిగింది జ్యోతిర్మయి మొదటివారంలో.

"కోటు జేబు లోతు" అన్నాడు కోటేష్. "ఏ లోతులో దొరికిందో రాయకపోతే నమూనా చెల్లదు."

ఆ రోజు మొదటి నంబరు నుంచి వరసగా చూపించడం మొదలుపెట్టాడు. పాపం కొత్త పెళ్ళికూతురు, అరవయ్యో నంబరు దాకా కళ్ళు తెరుచుకునే కూర్చుంది. ఆ తర్వాత గోడకి చేరబడి నిద్రపోయింది. అరవై ఒకటి ఏమిటో వినకుండా తప్పించుకున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిందే. అది జుట్టు.

పక్కింటి బుల్లయ్య మిరప రైతు, కోటేష్‌కి వరసకి బాబాయి. ఆయనకి ఆ అదృష్టం లేదు.

"ఒరేయ్, ఇది నీ జుట్టేగదరా?"

"జుట్టు నాదే బాబాయ్. కటింగ్ హంగరీది."

"మరి ఇక్కడ మంగలి కొట్టిన జుట్టేం పాపం చేసిందిరా? అదీ దాచకపోయావా!"

ఈ బీరువా వల్ల ఊరికి నష్టం కూడా జరిగింది. హంగరీ వాళ్ళు కూడా మిరపకాయలు పండిస్తారు, కారం కూడా కొడతారు. చూడ్డానికి మన కారం కన్నా ఎర్రగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే మాత్రం తియ్యగా ఉంటుంది. కోటేష్ ఒక కేజీ డబ్బా తెచ్చి దాచుకున్నాడు. మరుసటి ఏడు వాళ్ళమ్మ సుబ్బరావమ్మ ఆవకాయ పెడుతూ, కారం కాస్త తక్కువైందని, బీరువాలో ఎర్రటి డబ్బా కనబడితే గుమ్మరించేసింది. మూడోరోజు ఆవకాయ తిరగకలిపి ఇరుగుపొరుగుకి తలా గిన్నెడు పంచింది. మిరపతోటల మధ్య పుట్టి పెరిగిన మనుషులకి తియ్యటి ఆవకాయ! బుల్లయ్య గిన్నె పట్టుకుని వీధిలోకొచ్చాడు.

"వదినా, ఇది ఊరగాయా, హల్వానా? కళ్ళల్లో నీళ్ళు రాలేదు, ముక్కు కారలేదు. నాకు ఒంట్లో ఏదో తేడా చేసిందనుకుని భయమేసింది!"

సుబ్బరావమ్మ సిగ్గుతో జాడీ పారబోయబోయింది. కోటేష్ ఒప్పుకోలేదు. "అమ్మ పెట్టిన ఆవకాయ పారేస్తామా?" అని ఏడాది పొడుగునా ఆ జాడీ ఒక్కడే తిన్నాడు. ఖాళీ డబ్బాని మళ్ళీ బీరువాలో పెట్టి చీటీ కట్టాడు.

ఇక జ్యోతిర్మయి సంగతి. కాపురానికి వచ్చిన మూడో ఆదివారం బోరు మోటారు కాలిపోయింది. అత్తగారు ఒంగోల్లో పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళింది. మొగుడు మెకానిక్ కోసం వెళ్ళాడు. కందిపప్పు కడిగి పెట్టేసరికి బిందెలు అడుగంటాయి. పక్కింటికి వెళ్ళి నీళ్ళడగాలంటే కొత్తకోడలికి మొహమాటం. బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంది. కింది అరలో నీలం మూత ప్లాస్టిక్ సీసా, నిండా తేట నీళ్ళు. మెడకి చీటీ కూడా లేదు. ఎత్తి కుక్కర్లో వంపేసింది.

ఆ ఊరి బోరు నీళ్ళకి కుక్కర్ ఏడు కూతలు కూసినా పప్పు ఉడకదు. సోడా ఉప్పు వేస్తేగానీ గింజ మెత్తబడదు. అలాంటిది ఆ రోజు మూడు కూతలకే పప్పు వెన్నలా అయింది. కోటేష్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నాడు. విచిత్రమేమిటంటే ఆ భోజనం మొత్తంలో హంగరీ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని జ్యోతిర్మయి కంగారుపడి మజ్జిగ ఇచ్చింది.

చేయి కడుక్కుంటూండగా బుల్లయ్య దిగాడు, వెంట ఇంకో మనిషి. "మా బావమరిదిరా, కొత్తపట్నం. పుట్టిందగ్గర్నుంచీ సముద్రం చూస్తానే ఉన్నాడుగానీ మంచు చూళ్ళేదంట. ఆ సీసా చూపించు."

"ఏ సీసా అండీ, బాబాయి గారూ?" అంది జ్యోతిర్మయి.

"నీలం మూతదమ్మాయ్! హంగరీలో కురిసిన మంచు. మీ ఆయన దోసిళ్ళతో పట్టి, కరిగించి, ప్రాణంలా తెచ్చుకున్నాడు. నీకు చూపించలా?"

చూపించేవాడే. అది తొంభై ఏడో నంబరు. జ్యోతిర్మయి చూపు పప్పుగిన్నె మీదికి పోయింది. మూడు వారాల కాపురంలో మొగుడి ప్రాణంలాంటి మంచుని పప్పులో పోసి, మూడుసార్లు ఆయనకే వడ్డించింది!

"సాయంత్రం రండి బాబాయ్. ముందు మోటారు సంగతి చూడాలి" అని కోటేష్ చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. నాలుగింటికి మోటారు తిరిగింది. బిందెల కన్నా ముందు నీలం మూత సీసా నిండింది.

సాయంత్రం బుల్లయ్య బావమరిది ఆ సీసాని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "మే నెల్లో కూడా చల్లగానే ఉంది బావా!" అన్నాడు. జ్యోతిర్మయి తలుపు చాటున నిలబడి చెమటలు తుడుచుకుంది.

అప్పటి నుంచి ఆవిడ ఆ సీసా ముట్టుకోలేదు. బీరువా దుమ్ము దులిపినా ఆ అర వదిలేసేది. ఏడాది తిరిగేసరికి ఇంకో గండం వచ్చింది. మన బోరు నీళ్ళు ఊరుకుంటాయా, సీసా అడుగున తెల్లగా సున్నం పేరింది.

"అదేంట్రా తెల్లగా?" అన్నాడు బుల్లయ్య.

"మంచు తెల్లగా ఉంటుంది కదా బాబాయ్" అన్నాడు కోటేష్ తొణక్కుండా. "నీరయినా రంగెక్కడికి పోతుంది? అడుక్కి దిగింది."

నీళ్ళు పరీక్ష చేసి జీతం తీసుకునే మనిషి ఆ మాటనేసరికి జ్యోతిర్మయికి ఊపిరి వచ్చింది, జాలి కూడా వేసింది. ఇంత చదువుకున్నాడు, ఈ మాత్రం తెలుసుకోలేకపోయాడే అనుకుంది. ప్రభుత్వం మీద కూడా కాస్త నమ్మకం సడలింది.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. 2007 ఫిబ్రవరిలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్ జయకుమారి గారు ఇంటికి వచ్చారు.

"కోటేష్ గారూ, స్కూల్లో సైన్స్ డే చేస్తున్నామండీ. కఠినజలంలో సబ్బు నురగ రాదు, మృదుజలంలో వస్తుంది అని పిల్లలకి పాఠం ఉంది. కఠినజలానికి మనూళ్ళో కొదవలేదు. మీ మంచు నీళ్ళు ఒక గ్లాసు పోస్తే రెండూ పక్కపక్కన పెట్టి ఊరందరికీ చూపిద్దాం."

కోటేష్ జ్యోతిర్మయి వంక చూశాడు. జ్యోతిర్మయి కాఫీ గ్లాసుల వంక చూసింది.

"దాందేముందండీ, అలాగే" అన్నాడు.

సైన్స్ డేకి ఇంకా మూడు రోజులుంది. జ్యోతిర్మయికి ఆ మూడు రోజులూ అన్నం సహించలేదు. ఊరందరి ముందూ ఆ సీసాలో నీళ్ళకి నురగ రాదు. ఆరేళ్ళుగా అందరికీ బోరు నీళ్ళు చూపించి మంచన్నాడని నవ్వుతారు. ట్రామ్ టికెట్ దగ్గర్నుంచి చేతితొడుగు దాకా అన్నీ బూటకమే అంటారు. అది తట్టుకునే మనిషి కాదు ఆయన. చెప్పేద్దామని రోజూ నోరు తెరిచేది, తెరిచాక ఇంకేదో వచ్చేది.

"ఏవండీ, ఆ సీసా తీసికెళ్ళకండీ. దిష్టి తగులుతుంది."

"గుమ్మడికాయ కడదాంలే."

"నాకు జ్వరంగా ఉందండీ."

నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "లేదే" అన్నాడు.

సైన్స్ డే రోజు స్కూలు ఆవరణలో షామియానా వేశారు. మిరపకాయలు ఆరబోసినవాళ్ళు కూడా కల్లాల మీంచి లేచి వచ్చారు. బల్ల మీద రెండు గాజు జాడీలు. కోటేష్ సంచీలోంచి ల్యాబ్ గాజుసీసా తీశాడు.

"నీలం మూతేదిరా?" అన్నాడు ముందువరస నుంచి బుల్లయ్య.

"దాన్ని కదిలించడం ఇష్టంలేక దీంట్లో తెచ్చా బాబాయ్" అంటూ ఒక జాడీలో బోరు నీళ్ళు, రెండోదాంట్లో ఆ సీసా నీళ్ళు పోశాడు. రెంటిలోనూ సబ్బు ముక్కలేసి మూతలు పెట్టి ఊపాడు. జ్యోతిర్మయి కళ్ళు గట్టిగా మూసుకుంది.

చప్పట్లు వినబడి తెరిచింది. మొదటి జాడీలో పెరుగు విరిగినట్టు తెట్టు. రెండోదాంట్లో నురగ పొంగి మూత తోసుకుని కోటేష్ మోచేతి దాకా పాకింది. పిల్లలు గోల.

"చూశారుగా! ఈ నీళ్ళలో సున్నం లేదు. దీన్నే మృదుజలం అంటారు" అని కోటేష్ మైకు ఇచ్చేసి దిగిపోయాడు.

బుల్లయ్యకి గాభరా పుట్టింది. "అమ్మాయ్, వీడికేమయింది? మైకు చేతికిచ్చినా హంగరీ అన్లా!"

జ్యోతిర్మయికీ అదే అనిపించింది. ఇంతకుముందు ఒకే ఒక్కసారి ఆయన అలా ఉన్నాడు, పప్పు వెన్నలా ఉడికిన రోజు. ఆలోచిస్తూ గేటు దాకా వచ్చేసరికి స్కూటర్ మెకానిక్ అబ్దుల్ ఖాదర్ ఎదురయ్యాడు.

"మేడమ్, సార్‌ని ఒకటడగాలి. నిన్న బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు సీసాలు పట్టుకెళ్ళారు. సార్ స్కూటరుకి అసలు బ్యాటరీయే లేదు కదా!"

జ్యోతిర్మయి ఇంటికి నడవలేదు, పరుగెత్తింది. బీరువా తెరిచింది. నీలం మూత సీసా ఎక్కడిది అక్కడే ఉంది, అడుగున సున్నంతో సహా. ఆరేళ్ళలో మొదటిసారి దాన్ని ఎత్తి, తలకిందులు చేసి చూసింది. దీని చీటీ మెడకి కట్టకుండా అడుగున అంటించాడు. దాని మీద ఇంకో చీటీ అంటించి ఉంది. అంచులు పసుపుపచ్చగా, ఇంకు వెలిసిపోయి.

"నమూనా 97-ఎ. బోరు నీళ్ళు. తేదీ: 20-5-2001. స్థలం: మా వంటిల్లు. లోతు: 210 అడుగులు. సేకరించినది: జ్యోతిర్మయి, మంచు పప్పులో పోసి, భయపడి. పారేయరాదు."

వెనక చెప్పుల చప్పుడయింది. కోటేష్. మోచేతికి ఇంకా సబ్బు ఆరనే లేదు.

"మొదటి ముద్దకే తెలిసిపోయిందాండీ?"

"మన నీళ్ళకి పప్పు అట్లా ఉడుకుతుందా జ్యోతీ?"

"మరి ఆరేళ్ళు చెప్పలేదేం?"

"కొత్తగా వచ్చావు, ఏడుస్తావేమోననుకున్నా. మంచుదేముంది, అక్కడ ఏటా కురుస్తుంది." సీసా వంక చూసి, "పైగా పప్పు చాలా బాగుంది" అన్నాడు.

జ్యోతిర్మయికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆయన్ని అమాయకుడనుకుని ఆరేళ్ళు జాలిపడిందంటే, ఆవిణ్ణి ఏమనాలి! కొంగుతో ముక్కు తుడుచుకుని చీటీ చూపించింది.

"ఇక్కడ 'భయపడి' కొట్టేసి 'పొరపాటున' అని రాయండి."

"నమూనా చీటీ దిద్దకూడదు. రూలు."

"ఎక్కడి రూలు?"

"హంగరీలో ఉండగా మా ప్రొఫెసరు..." అని మొదలుపెట్టి, అలవాటుగా ఆవిడ విసుక్కుంటుందేమోనని ఆగిపోయాడు.

జ్యోతిర్మయి సీసాని జాగ్రత్తగా దాని చోట్లో పెట్టింది. చాప లాక్కుని బీరువా ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"ఊఁ, చెప్పండి. ఆ రోజు అరవయ్యో నంబరు దగ్గర నిద్రపోయాను. అక్కణ్ణించి చెప్పండి."

కోటేష్ మొహం వెలిగిపోయింది. చేతులు తుడుచుకుని, పై అరలోంచి ఒక పొట్లం భక్తిగా కిందికి దించి విప్పాడు.

"అరవై ఒకటి" అన్నాడు. "జుట్టు."