అన్నయ్య వచ్చేదాకా ఆగని కేకు

మొన్న ఆదివారం నెల్లూరులో మా కోడలు హాలు తలుపులన్నీ బిగించి, ఏసీ వేసుకుని, మనవరాలి పుట్టినరోజు కేకు మీద బటర్‌క్రీమ్ పూలు పెడుతోంది. ఉక్కగా ఉందని నేను వంటింటి కిటికీ కాస్త తెరిచాను. "మూసేయండి అత్తయ్యా, తడిగాలి తగిలితే పూలు జారిపోతాయి" అంది. జారేది వేడికి కదా అన్నాను. వేడి ఒక్కటే కాదట. మన సముద్రపు గాలిలోని తేమను పైన ఉన్న చక్కెర పీల్చుకుంటుందట, పీల్చుకుని నీరుకారుతుందట, ఏసీ వేసింది చల్లదనానికే కాదు, గాలిలో తడి ఆరడానికి కూడానట. బడిపిల్లకు చెప్పినట్టు చెప్పి మళ్ళీ తన పూలలో పడిపోయింది. నేను కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడేళ్ళుగా నాకు అంతుపట్టని ఒక వ్యవహారంలో సగం అప్పుడు అర్థమైంది. ఆ సగం అర్థమయ్యాక మిగతా సగం మునుపటికంటే అయోమయంగా తయారైంది.

మా అన్నయ్య రైలు డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట గానీ మా ఇంట్లో ఆయన డ్రైవరే. కాపురం బిట్రగుంట రైల్వే కాలనీలో. గూడ్సు బండికి పిలుపొచ్చిందంటే పెళ్ళయినా పేరంటమైనా పోవలసిందే, ఎప్పుడు తిరిగొస్తాడో ఆ బండికే తెలియాలి. వదిన కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఎదురు క్వార్టర్‌లోని ఆంగ్లో ఇండియన్ ముసలావిడ, గార్డుగారి భార్య, ఆమెకు కేకులు నేర్పింది. వెన్న, చక్కెర పొడి కలిపి తెల్లగా పొంగేదాకా గిలకొట్టడం, ఎండాకాలమైతే వెన్నలో సగానికి వనస్పతి వేసి బిగువు తేవడం, పాలచుక్క కూడా పడనివ్వకపోవడం, అన్నీ ఆమె విద్యే. వదిన ముగ్గురు పిల్లలకూ ప్రతి పుట్టినరోజుకూ ఒక కేకు చేసింది. ఇల్లు చేసింది, పడవ చేసింది, ఒక ఏడాది పురి విప్పిన నెమలిని కూడా చేసింది. అన్నయ్య ఒక్కదాన్నీ చూడలేదు. ఎంతసేపు ఆపినా పిల్లలు ఆగరు కదా. కోసి, ఒక ముక్క స్టీలు గిన్నెలో పెట్టి మూత వేసేది. మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి నెమలీ లేదు, పురీ లేదు, నీలంగా ఒక ముద్ద గిన్నెకు అంటుకుని ఉండేది. యూనిఫాం విప్పకుండానే వేలితో గీరి తిని, "బలే ఉండాదే" అని పోయి పడుకునేవాడు. తరవాత వదిన ఫోటో చూపించేది. ఆయన ఫోటోలో పిల్లలు ఎంత పొడుగయ్యారో చూసేవాడు గానీ కేకును చూసేవాడు కాదు.

ఆయన రిటైరయ్యేది మే నెలాఖరున. రోళ్ళు పగిలే రోహిణి కార్తె. నాలుగు రోజుల ముందే నేను సాయానికి వెళ్ళాను. క్వార్టర్ ఖాళీ చేయాలి కనుక ఏసీ, మంచాలు అన్నీ కావలిలోని కొత్త ఇంటికి పోయాయి. ఒక చిన్న ఫ్రిజ్జు, గిన్నెలు, మేమూ మిగిలాం. ఆయన ఆఖరి డ్యూటీ రోజున వదిన తెల్లవారకముందే లేచి, రెండు పెద్ద కేకులు కోసి అతికించి, కోకో పొడి దట్టించి నల్లగా చేసిన బటర్‌క్రీమ్‌తో ఆవిరి ఇంజను తయారుచేసింది. అన్నయ్య ఉద్యోగంలో చేరినప్పుడు బొగ్గు వేసిన ఇంజను. ఎర్ర చక్రాలు, పొగగొట్టం, ముందర నంబరుతో సహా. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "మీ అన్న ఒక్కదాన్నయినా నిండుగా చూడాల అమ్మణ్ణీ. ముక్కలు తినీ తినీ ఆయనకి కేకంటే ఏందో తెలవకుండా పోయింది" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

ఆఖరి డ్యూటీ నాడు డ్రైవరును స్టేషన్‌లో దండలతో, డప్పులతో దించుకురావడం కాలనీలో ఆనవాయితీ. మధ్యాహ్నం మూడు గంటలకు వదిన పిల్లలను తీసుకుని స్టేషన్‌కు బయలుదేరింది. కేకు ఫ్రిజ్జులో పట్టదు. నడిమింట్లో కిటికీలు మూసి బల్లమీద పెట్టి, "కిటికీ తీయబాక, చల్లగా ఉండేట్టు చూసుకో" అని నాకు అప్పజెప్పింది. గంటలో వచ్చేస్తామంది. గంట తరవాత ఫోను చేసి, బండిని వెంకటాచలం స్టేషన్‌లో నిలబెట్టినారంట, ఎప్పుడు వదులుతారో తెలవదు అంది. అప్పటికి నడిమిల్లు కుంపటిలా ఉంది. నేనున్నది దేనికి? నెల్లూరు ఎండతో మా అమ్మ ఏటా వట్టివేళ్ళ తడికలతోనే యుద్ధం చేసి గెలిచేది. వసారాలో చుట్టి పెట్టిన తడికలు రెండు కనిపించాయి. కిటికీలు తెరిచి వాటిని కట్టాను, రెండు బిందెల నీళ్ళు కుమ్మరించాను, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. పది నిమిషాలలో గది కమ్మగా, చల్లగా అయింది. నా తెలివికి నేనే మురిసిపోతూ కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి పొగగొట్టం కొంచెం వెనక్కి వాలినట్టు అనిపించింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. వాలింది. ఇంకా చల్లదనం కావాలేమోనని మరో బిందె పోశాను. ఇంజను నున్నగా మెరవడం మొదలుపెట్టింది. ఆ తరవాత చక్రాలు కోడిగుడ్లయ్యాయి. నా చేతులకు చలి, దానికి చెమట. ఎంత చల్లబరిస్తే అంత కారుతోంది, ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు. ఇంతలో బోగోలు నుంచి చేపలు తెచ్చే ఆమె వాకిట్లో కేక వేసింది. పరిగెత్తి ఆమె పెట్టెలోని ఐసు అడిగి తెచ్చి పళ్ళెం చుట్టూ పేర్చాను. ఆమె గుమ్మంలోనుంచి తొంగిచూసి, "చేపకైతే తడి మంచిదక్కా. దీనికి ఏది మంచిదో నాకు తెలవదు" అని తన దారిన పోయింది. నా చెవికెక్కలేదు. ఐసు పెట్టాక నల్లరంగు సన్నటి ధారలుగా పళ్ళెంలోకి దిగింది. డప్పుల చప్పుడు వీధి మొదట్లో వినపడేసరికి ఏడుపొచ్చింది. తీయొద్దన్న కిటికీలు తీశాను కదా. తడికలు ఊడదీసి పెరటిగోడ అవతల పడేశాను, ఐసు కుండీలో పారబోశాను, కిటికీలు మూసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. యాభై దాటినదాన్ని చేసిన పని అది.

వదిన లోపలికి వచ్చి చూసింది. పొగగొట్టం లేదు, నంబరు లేదు. ఒక నల్లని గుట్ట, దాని చుట్టూ ఎర్రటి మడుగు. ఆమె ముఖం చూడలేక నేను గోడకేసి చూశాను. వెనకాలే అన్నయ్య, మెడనిండా బంతిపూల దండలతో, సరాసరి బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి, వేలితో ఒక పక్క గీరి నోట్లో పెట్టుకుని, "ఎప్పటి మాదిరే బలే ఉండాదే" అన్నాడు. ఆయన మా అందరి ముఖాలూ చూసి, "ఏందీ, ఏమైందిప్పుడు?" అన్నాడు. వదిన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. నవ్విందో ఏడ్చిందో పక్కనే ఉన్న నాకు తెలియలేదు. కొంగు దించి, "వెన్నలో ఏదో తేడా వచ్చింది, నా చెయ్యే పోయింది" అంది. ఆ తరవాత మళ్ళీ కేకుకు క్రీము పెట్టలేదు. నేను నోరు విప్పలేదు.

ఆదివారం కోడలి దగ్గర పాఠం విన్నాక ఉండబట్టలేక కావలికి ఫోను చేశాను. "వదినా, ఆ రోజు తడికలు కట్టింది నేనే. ఇంజనును కరిగించింది నేను, నీ చెయ్యి కాదు" అన్నాను.

"తెలుసు లే అమ్మణ్ణీ. కిటికీ కింద గోడంతా తడిగా ఉన్నింది గదా. నలుగురిలో ఆడబిడ్డని అంటానా?"

"మరి కేకులెందుకు మానేసినావు?"

"ఎవురి కోసం ఆపి పెట్టాల ఇంక? మీ అన్న ఇంట్లోనే ఉండాడు గదా" అంది. వెనక ఆయన దగ్గు వినిపించింది.

నాకు మిగిలిన సగం అప్పుడు అడిగాను. అన్నయ్య నిజంగా తెలియకే "ఎప్పటి మాదిరే" అన్నాడా, కేకు పాడైందని తెలిసే వదిన నొచ్చుకోకూడదని అన్నాడా? ముప్పై ఏళ్ళు కరిగిన కేకులే తిన్న మనిషి, కేకంటే అదే అనుకున్నాడా? "నాకూ ఈనాటికీ తెలవదు" అంది వదిన. పక్కనే ఉన్నాడు కదా, అడగరాదా అన్నాను. "అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. ఆ పైన ఇంక అదే మిగిలిపోతాది" అంది.

రోజులు గడిచేకొద్దీ అన్నీ వాటంతటవే తేలిపోతాయంటారు. మా ఇంట్లో ఒక్క మాటను మాత్రం కాలం ఏడేళ్ళుగా తేల్చకుండా ఉంచింది, అది మొదటి రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.